చలికాలంలో మోటార్‌హోమ్‌తో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి అలికాంతే దాకా: రాత్రి మజిలీలు ఎలా ఎంచుకోవాలి

డిసెంబరు నెల, సాయంత్రం అయిదున్నర. తూర్పు ఫ్రాన్స్‌లో ఒక చిన్న ఊరు. గమ్యం వచ్చేసిందని ఫోన్ చెబుతోంది. ఎదురుగా గొలుసు వేసిన గేటు, దానికి వేలాడుతున్న అట్టముక్క మీద మార్చి దాకా మూసి ఉంటుందని రాసి ఉంది. చుట్టూ చిమ్మచీకటి. పడకలు, వంటగది ఉన్న మా ఏడు మీటర్ల బండి వెనక్కి తిప్పడానికి జాగా లేని సందు. వెనక సీట్లో ఆకలికి విసిగిపోయిన పాప. "ముందే ఫోన్ చేసి కనుక్కోవాల్సింది కదండీ" అని మా ఆవిడ అన్నది ఒక్కసారే, కానీ ఆ మాట ట్రిప్ అంతా నా చెవిలోనే ఉంది.

మా మొదటి చలికాలం ట్రిప్‌లో రెండో రాత్రి అది. తర్వాత అదే దారిలో మళ్ళీ వెళ్ళాం, ఆ టెన్షన్ మళ్ళీ పడలేదు. మారిందల్లా ఒకటే. వేసవిలో దారి గీసుకుని, దాని పక్కన ఎక్కడో ఒకచోట పడుకుంటాం. చలికాలంలో ముందు మజిలీలు పెట్టుకుని, వాటిని కలుపుతూ దారి గీసుకోవాలి. ఎందుకంటే నవంబరు నుంచి మార్చి దాకా చాలా క్యాంప్‌సైట్లు మూసేస్తారు, కుళాయిలు కట్టేస్తారు, నాలుగున్నరకే చీకటి పడుతుంది. బండిలో హీటరూ గ్యాస్ మీదే నడుస్తుంది, కాబట్టి గ్యాస్ అయిపోతే అది వంట సమస్య కాదు, ఒంటి సమస్య.

ఇక్కడ నేను చెప్పేది మాకు బాగా తెలిసిన దారి గురించి: ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైన్ లోయ, బుర్గుండి, రోన్ లోయ మీదుగా స్పెయిన్ తూర్పు తీరం. దాదాపు 1,900 కి.మీ. మా హెస్సెన్ రాష్ట్రంలో బడికి క్రిస్మస్ సెలవులు దాదాపు మూడు వారాలు ఉంటాయి కాబట్టి సరిపోతుంది. మీ దారి వేరైనా లెక్క వేసే పద్ధతి ఇదే.

మొదటి అడుగు: గడియారం నుంచి మొదలుపెట్టండి

డిసెంబరు చివర్లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో సూర్యుడు ఉదయం 8:20 ప్రాంతంలో వస్తాడు, సాయంత్రం 4:25కల్లా వెళ్ళిపోతాడు. లియాన్‌లో అయిదింటికి, అలికాంతేలో 5:45కి చీకటి మొదలవుతుంది. దక్షిణానికి వెళ్ళేకొద్దీ రోజుకు కాస్త కాస్తగా వెలుగు కలిసొస్తుంది.

మేం పెట్టుకున్న నియమం: మొదటి మూడు రోజులూ మధ్యాహ్నం మూడున్నరకల్లా బండి ఆగాలి. ఆ మజిలీ మూసి ఉంటే రెండోదానికి వెళ్ళడానికి ఇంకో గంట వెలుగు మిగులుతుంది. ఉదయం అద్దాల మీద మంచు గీకి, నీళ్ళు వదిలి, టిఫిన్ చేసి బయల్దేరేసరికి తొమ్మిదిన్నర. మధ్యలో భోజనానికి ఒక గంట, పాప కోసం ఇంకో రెండు చిన్న ఆగడాలు. ఎక్స్‌ప్రెస్‌వే మీదైనా మోటార్‌హోమ్ సగటున గంటకు 75 కి.మీ. మించి నడుస్తుందని నేను లెక్కలో వేసుకోను. అంటే రోజుకు 270, 280 కి.మీ., ఎండాకాలం లెక్కలో సగం. ఫ్రాన్స్ దక్షిణం చేరాక, వెలుగు కలిసొస్తుంది కాబట్టి, 350 దాకా లాగవచ్చు. "ఒక్కరోజులో లియాన్ దాటేద్దాం" అనే స్నేహితులు ప్రతి ట్రిప్‌కీ ఒకరుంటారు. వాళ్ళు కార్లో వెళ్ళినవాళ్ళు.

రెండో అడుగు: ఎక్కడ పడుకోవచ్చో, ఎక్కడ కూడదో తెలుసుకోండి

బండి ఆపడం వేరు, క్యాంపింగ్ చేయడం వేరు. యూరప్‌లో ఎక్కువ దేశాల చట్టం ఈ తేడా మీదే నడుస్తుంది. బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉంటే పార్కింగ్. కుర్చీలు బయటపెట్టి, పందిరి దించి, లెవలింగ్ దిమ్మలెక్కించి, మురుగునీళ్ళు వదిలితే క్యాంపింగ్. చలికాలంలో బయట కుర్చీ వేసేవాడెవడూ ఉండడు కానీ, మురుగునీటి కుళాయి తెరిచి ఉంచి పోలీసుకు దొరికేవాళ్ళుంటారు.

జర్మనీలో నిషేధం బోర్డు లేని మామూలు పార్కింగ్‌లో, మళ్ళీ బండి నడపడానికి ఓపిక తెచ్చుకునేందుకు ఒక రాత్రి నిద్రపోవచ్చు. అయినా దాని అవసరం పెద్దగా పడదు, ఎందుకంటే ఊరూరా స్టెల్‌ప్లాట్జ్ ఉంటాయి. మోటార్‌హోమ్‌ల కోసమే కట్టిన పార్కింగ్ అన్నమాట. కొన్నింట్లో కరెంటు, నీళ్ళు, మురుగు పారబోసే చోటు ఉంటాయి. కొన్నిచోట్ల ఉత్త పార్కింగ్ మాత్రమే. ఈత కొలనులు, వేడినీటి స్నానశాలల పక్కన ఉండేవి చలికాలంలో బంగారం. రాత్రంతా బండిలో ముడుచుకుని ఉన్నాక పొద్దున్నే వేడినీళ్ళలో దిగితే ఆ సుఖం వేరు.

ఫ్రాన్స్‌లో ఇలాంటి చోటును ఏర్ అంటారు. అక్కడ మూడు రకాలు గుర్తుపెట్టుకోండి. మునిసిపాలిటీ ఏర్లు చాలావరకు ఉచితంగానో, తక్కువ ధరకో దొరుకుతాయి. క్యాంపింగ్-కార్ పార్క్ అనే నెట్‌వర్క్‌లో ఒక కార్డు తీసుకుంటే గేటు దానంతటదే తెరుచుకుంటుంది. వీటిలో చాలావరకు ఏడాది పొడవునా నడుస్తాయి, ఎన్ని చోట్లు ఖాళీ ఉన్నాయో యాప్‌లో కనిపిస్తుంది. చలికాలానికి నా మొదటి ఓటు వీటికే. మూడోది ఫ్రాన్స్ పాసియోన్. ఏడాది సభ్యత్వం తీసుకుంటే ద్రాక్షతోటల వాళ్ళు, రైతులు తమ ఆవరణలో 24 గంటలు ఊరికే ఉండనిస్తారు. ఏదైనా కొనాలన్న నిబంధన లేదు. వెళ్ళగానే పలకరించి, వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళడం మర్యాద. టాయిలెట్ మీ బండిలోనే ఉండాలి. ఒక్కటే చిక్కు: ఆవరణ అంటే చాలాచోట్ల పచ్చిక. జనవరి వానకు నానిన పచ్చికలో మూడున్నర టన్నుల బండి దిగబడితే, పాపం ఆ రైతే ట్రాక్టర్ తేవాలి. గులకరాళ్ళో సిమెంటో పోసిన నేల ఉందో లేదో ముందే అడగండి.

ఫ్రాన్స్ ఎక్స్‌ప్రెస్‌వే పక్క విశ్రాంతి స్థలాలనూ ఏర్ అనే అంటారు. పేరు చూసి మోసపోకండి. వాటిలో రాత్రి పడుకోకండి. నిద్రలో ఉండగానే బండి తలుపు తెరిచి దోచుకున్న సంఘటనలు అక్కడ కొత్త కాదు. కాఫీ తాగి కదలండి.

స్పెయిన్‌లోనూ పార్కింగ్, క్యాంపింగ్ తేడానే. చక్రాలు తప్ప ఇంకేదీ నేలను తాకకపోతే, కిటికీ రెక్కలు బయటికి తెరుచుకోకపోతే, నీళ్ళు కారకపోతే అది పార్కింగే. కానీ తీరప్రాంత ఊళ్ళు సొంత బోర్డులు పెడతాయి, రక్షిత ప్రకృతి ప్రాంతాల్లో అసలు కుదరదు. బోర్డు కనిపిస్తే వాదించకుండా వెళ్ళిపోవడం మేలు. మన భాష వాళ్ళకు రాదు, వాళ్ళ భాష మనకు రాదు, జరిమానా కాగితం మాత్రం ఇద్దరికీ అర్థమవుతుంది. ఇక మీరు ఈ దారి కాకుండా ఆస్ట్రియా వైపు వెళ్తుంటే, అక్కడి తిరోల్ రాష్ట్రంలో క్యాంప్‌సైట్ బయట పడుకోవడం కుదరదు. క్రొయేషియాలో ఇంకా కఠినం.

మూడో అడుగు: తెరిచి ఉందని రుజువు చేసుకోండి

నా ప్లానింగ్ సమయంలో సగం దీనికే పోతుంది, పోవాలి కూడా. పార్క్‌ఫర్‌నైట్, క్యాంపర్‌కాంటాక్ట్ యాప్‌లలో ఒక చోటుకు 4.5 స్టార్లు కనిపించగానే గుండెలో పెట్టేసుకోకండి. ఆ స్టార్లు జులైలో ఇచ్చినవి. రివ్యూలు తేదీల వారీగా చూస్తూ కిందకి వెళ్ళి, గత ఏడాది డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎవరైనా రాశారా అని వెతకండి. రెండు రివ్యూలున్నా చాలు. ఒక్కటీ లేకపోతే ఆ చోటు నా జాబితాలోకి రాదు.

ఆ రివ్యూల్లో కొన్ని మాటలు పట్టుకోవాలి. ఫ్రెంచిలో "ఓర్ జెల్" అని కనిపిస్తే, గడ్డకట్టకుండా నీళ్ళు కట్టేశారని అర్థం. "ఫెర్మే" అంటే మూసేశారు. జర్మన్‌లో "గాన్జ్‌యేరిష్" అంటే ఏడాదంతా తెరిచి ఉంటుంది, ఆ మాట కోసం వెతకండి. స్పానిష్‌లో "సెర్రాదో" అంటే మూత. రివ్యూలను యాప్ మీ భాషలోకి మార్చి చూపించినా, గేటు మీద అట్టముక్క మారదు కాబట్టి ఈ నాలుగు మాటలు గుర్తుండాలి.

ఇంకో బోర్డు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఫ్రాన్స్‌లో ఊరి మధ్య మైదానంలో హాయిగా బండి పెట్టుకున్నాం. దగ్గర్లో బేకరీ, ఎదురుగా చర్చి, ఎంతో బాగుంది. తెల్లవారుజామున అయిదింటికి ఎవరో తలుపు దబదబా బాదారు. తీసి చూస్తే తలకు లైటు కట్టుకున్న చేపల వ్యాపారి. ఆయన వెనక వరసగా వ్యాన్లు. మేం నిలబెట్టింది సరిగ్గా ఆయన కొట్టు చోటులో. దీపస్తంభం మీద చిన్న బోర్డు ఉంది: "మార్షే, సామ్‌ది". శనివారం సంత. లుంగీ మీద జాకెట్ వేసుకుని, గడ్డకట్టిన అద్దంలోంచి చూస్తూ బండి బయటికి తీశాను. ఆయన కోప్పడలేదు, పైగా చేతులు ఊపుతూ దారి చూపించాడు. ఆ రోజు నుంచీ బండి ఆపగానే టార్చ్ వేసుకుని దగ్గర్లోని స్తంభాలన్నీ ఒకసారి చుట్టి వస్తాను.

క్యాంప్‌సైట్ అయితే మెయిల్ చేసి మూడే ప్రశ్నలు అడగండి: ఫలానా తేదీన తెరిచి ఉంటారా, రిసెప్షన్ ఎన్నింటిదాకా, బండి పక్కన కరెంటు ఎన్ని ఆంపియర్లు. స్నానాల గదికి హీటింగ్ ఉందా అని నాలుగోది మా ఆవిడ చేర్చింది. సరైన ప్రశ్నే.

ప్రతి రాత్రికీ రెండు చోట్లు రాసుకోవాలి. రెండోది మొదటిదానికి 40 నిమిషాల లోపు, మీరు వెళ్ళే దిశలోనే ఉండాలి. వెనక్కి వెళ్ళాల్సిన ప్రత్యామ్నాయం అలసిపోయిన డ్రైవర్‌కు పనికిరాదు.

నాలుగో అడుగు: నీళ్ళు, గ్యాస్, కరెంటు, టాయిలెట్ లెక్క

మజిలీ అంటే నిద్ర ఒక్కటే కాదు. బండికి కూడా భోజనం పెట్టాలి. మా లెక్క: మూడు రాత్రులకు ఒకసారి కరెంటు, నీళ్ళు, పారబోత మూడూ ఉన్న చోటు తప్పనిసరి. మిగతా రెండు రాత్రులు ఎంత సాదాగా ఉన్నా ఫర్వాలేదు. మ్యాప్ మీద ఈ పెద్ద మజిలీలను ముందు ఎర్రరంగుతో పెట్టుకుని, మధ్యలో చిన్నవి నింపండి. మూడు రాత్రులే ఎందుకంటే, ముగ్గురు వాడితే టాయిలెట్ క్యాసెట్ (టాయిలెట్ కింద మలినం చేరే పెట్టె) అంతకన్నా ఎక్కువ రోజులు ఆగదు.

గ్యాస్ విషయం జాగ్రత్తగా వినండి. బ్యూటేన్ దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. బండ నిండుగా ఉన్నా పొయ్యి వెలగదు. ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తుంది. జర్మనీలో దొరికే 11 కిలోల బూడిదరంగు బండలో ఉండేది ప్రొపేన్, చలికి అదే కావాలి. స్పెయిన్‌లో ఇళ్ళల్లో వాడే నారింజరంగు బండలో బ్యూటేన్ ఉంటుంది. పైగా ఒక దేశం బండ ఇంకో దేశంలో మార్చుకోవడం కుదరదు, రెగ్యులేటర్లూ కలవవు. అందుకని సరిహద్దు దాటేముందే రెండు నిండు బండలు పెట్టుకోవాలి. బయట సున్నా దగ్గర ఉన్నప్పుడు మా బండి హీటర్ రోజుకు రెండు నుంచి మూడు కిలోలు తినేది. అంటే ఒక బండ నాలుగైదు రోజులు. బండ ఎప్పుడూ తెల్లవారుజామున మూడింటికే అయిపోతుంది, ఎందుకో తెలీదు. ఒకటి అయిపోగానే రెండోదానికి దానంతటదే మారే రెగ్యులేటర్ ఉన్న బండి దొరికితే అద్దె కాస్త ఎక్కువైనా తీసుకోండి. కరెంటు ఉన్న మజిలీలో హీటర్‌ను కరెంటు మీదకు మారిస్తే గ్యాస్ మిగులుతుంది.

కరెంటు దగ్గర మనవాళ్ళు పొరపాటు చేసేది రైస్ కుక్కర్ దగ్గరే. ఫ్రాన్స్‌లో చాలాచోట్ల ఇచ్చేది 6 ఆంపియర్లు. 230 వోల్టులతో గుణిస్తే 1,380 వాట్లు, అంతే. 600 వాట్ల కుక్కర్, 900 వాట్ల మీద హీటర్ కలిస్తేనే ఆ గీత దాటుతుంది, పైగా ఎవరో ఒకరు టీకి కెటిల్ ఆన్ చేస్తారు. ఠక్కున చీకటి. ఫ్యూజు మీ బండిలో పోదు, బయట స్తంభం పెట్టెలో పోతుంది. ఆ పెట్టెకు తాళం. తాళంచెవి ఉన్న మనిషి ఆరింటికే ఇంటికి వెళ్ళిపోయాడు. మేం ఆ రాత్రి సగం ఉడికిన అన్నాన్ని గ్యాస్ మీద గిన్నెలోకి మార్చుకుని పెరుగుతో తినేశాం. ఇప్పుడు మా నియమం: కుక్కర్ ఉడికేంతసేపు హీటర్ గ్యాస్ మీద, కెటిల్ అసలు తీసుకెళ్ళం.

సోలార్ ప్యానెల్‌ను లెక్కలో వేసుకోకండి. డిసెంబరులో లియాన్ ఉత్తరాన అది అలంకారమే. హీటర్ ఫ్యాను, నీళ్ళ మోటారు, లైట్లు కలిసి బ్యాటరీని రెండో రాత్రికి నీరసపరుస్తాయి. మీది లిథియం బ్యాటరీ అయితే సున్నా కింద ఛార్జ్ చేయకూడదని కూడా గుర్తుంచుకోండి.

నీళ్ళ విషయంలో మాకు తగిలిన దెబ్బ చెబుతాను. బండి ఆపి క్రిస్మస్ సంత చూడ్డానికి వెళ్ళాం. నాలుగు గంటలే కదా, గ్యాస్ ఎందుకు దండగ అని హీటర్ ఆపేశాను. బయట మైనస్ 4. తిరిగొచ్చేసరికి బండి కింద అద్దంలా మంచు పలక. బాయిలర్ పక్కన ఒక ఫ్రాస్ట్ వాల్వ్ ఉంటుంది. లోపల చలి 3 డిగ్రీలకు దిగగానే, బాయిలర్ పగిలిపోకుండా అది తెరుచుకుని నీళ్ళన్నీ వదిలేస్తుంది. పది లీటర్లే పోవాలి. కానీ నేను మోటారు స్విచ్ ఆపలేదు. పాపం మోటారు తన పని తాను చేసింది, వంద లీటర్ల ట్యాంకునూ అదే దారిలో నేలపాలు చేసింది. ఇంకో సంగతేంటంటే, ఆ వాల్వ్ చుట్టుపక్కల మళ్ళీ 7 డిగ్రీలు దాటేదాకా మూసుకోదు. రెండు గంటలు హీటర్ వేసి, వాల్వ్ నొక్కి, పొద్దున తెరిచిన పెట్రోల్ బంకులో నీళ్ళు బతిమాలుకుని పట్టుకున్నాం. చలికాలంలో బండి వదిలి వెళ్ళేటప్పుడు హీటర్ 12 దగ్గర పెట్టి, మోటారు స్విచ్ ఆపి వెళ్ళాలి.

నీళ్ళు నింపే అవకాశం కనిపించిన ప్రతిచోటా నింపండి. రేపటి కుళాయి కట్టేసి ఉండొచ్చు. కాకపోతే బరువు చూసుకోండి: వంద లీటర్లు అంటే వంద కిలోలు. కారు లైసెన్స్‌తో నడిపే మోటార్‌హోమ్‌కు 3.5 టన్నుల పరిమితి. రెండు గ్యాస్ బండలు, మంచు గొలుసులు, పదికిలోల సోనామసూరి, పచ్చళ్ళ డబ్బాలు చేరేసరికి ఆ గీత దగ్గరికి వచ్చేస్తుంది.

అయిదో అడుగు: మ్యాప్ మీద ఆరు రాత్రులు

మొదటి రాత్రి ఫ్రైబుర్గ్ ప్రాంతం, దాదాపు 270 కి.మీ. జర్మనీలో ఆఖరి మజిలీ కాబట్టి ఇక్కడే గ్యాస్ బండ మార్చుకోవాలి, బియ్యం పప్పులు సర్దుకోవాలి. ఆదివారం కొట్లు మూసి ఉంటాయని మర్చిపోయి శనివారం సాయంత్రం దాకా తాత్సారం చేయకండి.

రెండో రాత్రి బోన్, బుర్గుండి ద్రాక్షతోటల మధ్య. మ్యూలూజ్ దాటి ఏ36 రోడ్డు మీదుగా 280 కి.మీ. రంగురంగుల పెంకుల పైకప్పు ఉన్న 15వ శతాబ్దపు ధర్మాసుపత్రి ఇక్కడే ఉంది. సాయంత్రం వెలుగు ఉండగానే చేరితే చూసి రావచ్చు.

మూడో రాత్రి అవిన్యోన్. ఇది పెద్ద మజిలీ: కరెంటు, నీళ్ళు, పారబోత, బట్టలు ఉతకడం. రోన్ నది మధ్యలో బార్తలాస్ ద్వీపం మీద క్యాంప్‌సైట్లున్నాయి, అక్కడి నుంచి కోట గోడలు కనిపిస్తాయి. దారిలో లియాన్‌ను మధ్యాహ్నం 11, 2 మధ్య దాటేలా చూసుకోండి. నగరం మధ్యలోంచి కాకుండా తూర్పున ఏ46 మీదుగా వెళ్ళండి. దూరం 370 దాకా ఉంటుంది కాబట్టి ఆ ఒక్కరోజు ఎనిమిదిన్నరకే కదలాలి.

నాలుగో రాత్రి ఫిగెరాస్ దగ్గర, స్పెయిన్‌లోకి అడుగుపెట్టాక. గాలి బాగా ఉంటే నార్బోన్‌లోనే ఆగిపోండి, కారణం కింద చెబుతాను. అయిదో రాత్రి పెనిస్కోలా. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ మీద కోట, కింద వరసలు వరసలుగా జర్మన్, డచ్ బండ్లు. వాళ్ళు నవంబరులో వచ్చి మార్చిలో వెళ్తారు. ఇక్కడ మళ్ళీ పెద్ద మజిలీ. ఆరో రాత్రి అలికాంతే. జాకెట్ తీసేస్తారు.

ఈ తీరంలో క్యాంప్‌సైట్లు చలికాలంలో తెరిచి ఉండటమే కాదు, నిండిపోతాయి కూడా. "ఆఫ్‌సీజన్ కదా" అనుకుని వెళ్తే చోటుండదు. జనవరి 6 దాకా ముందే బుక్ చేసుకోండి. ఏసీఎస్ఐ డిస్కౌంటు కార్డు సీజన్ కాని రోజుల్లో చాలాచోట్ల పనికొస్తుంది, కానీ క్రిస్మస్ రోజులకు వర్తిస్తుందో లేదో ఆ సైట్‌నే అడగండి.

టోల్ సంగతి క్లుప్తంగా: ఫ్రాన్స్‌లో ఎత్తు 3 మీటర్లు దాటితే ఎక్కువ టోల్ పడే క్లాస్ 3, దాటకపోతే క్లాస్ 2. పైకప్పు మీద డిష్ ఉంటే కొలిచి, ఆ అంకె స్టీరింగ్ పక్కన అతికించండి. స్పెయిన్‌లో ఏపీ7 మీద సరిహద్దు నుంచి తర్రగోనా దాకా టోల్ 2021 సెప్టెంబరు నుంచి, తర్రగోనా నుంచి అలికాంతే దాకా 2020 జనవరి నుంచి తీసేశారు. సరిహద్దు నుంచి బార్సిలోనా దాకా ఎవరైనా పక్కకొచ్చి మీ టైరు పంక్చర్ అయిందని సైగ చేస్తే ఆగకండి. పాత దొంగ ఎత్తు అది. జనం ఉన్న పెట్రోల్ బంకు దాకా నడపండి.

ఆరో అడుగు: కొండలు, గాలి

లియాన్ దారికి బదులు క్లెర్మోన్-ఫెరాన్ నుంచి బెజియే దాకా ఏ75 ఉంది. మియో వంతెన తప్ప టోల్ లేదు. వేసవిలో నేనూ అదే దారి అంటాను. చలికాలంలో వద్దు. అది 1,100 మీటర్ల ఎత్తు దాకా ఎక్కుతుంది, మంచు కురిస్తే మిగిలిన టోలు డబ్బు మధ్యలో దొరికిన హోటల్‌కే పోతుంది.

రోన్ లోయలో మంచు తక్కువ, కానీ మిస్ట్రల్ అనే ఉత్తరపు గాలి ఉంది. నార్బోన్, పెర్పిన్యాన్ వైపు వీచే అలాంటి గాలిని ట్రామోన్టాన్ అంటారు. గంటకు 100 కి.మీ. దాటి వీస్తుంది. మోటార్‌హోమ్ అంటే చక్రాల మీద బీరువా. లారీని దాటుతుండగా ఆ గాలి తగిలితే స్టీరింగ్ చేతిలోంచి లాక్కుంటుంది. అందుకే అవిన్యోన్, ఫిగెరాస్ మధ్య ఒక రోజు అదనంగా పెట్టుకున్నాం. రోజూ రాత్రి మెతియో ఫ్రాన్స్ హెచ్చరిక మ్యాప్ చూస్తాను. గాలికి నారింజరంగు కనిపిస్తే మర్నాడు కదలం. ఆ అదనపు రోజు వాడకపోతే పెనిస్కోలాలో ఖర్చు చేసుకోండి.

టైర్లకు మూడు శిఖరాల కొండ మధ్యలో మంచురేకు గుర్తు ఉండాలి. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి మంచు రోడ్డుకు ఆ గుర్తున్నవే చెల్లుతాయి. ఫ్రాన్స్ కొండ ప్రాంతాల్లో నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా చలికాలం టైర్లో, గొలుసులో తప్పనిసరి. అద్దె బండి తీసుకునేటప్పుడు జర్మన్‌లో "వింటర్‌ఫెస్ట్" (చలికాలాన్ని తట్టుకునేది) అవునా అని అడగండి. అలాంటి బండ్లకు ఇచ్చే గ్రేడ్ 3 అంటే బయట మైనస్ 15 ఉన్నా నాలుగు గంటల్లో లోపల 20 డిగ్రీలకు తేగలిగినది. మేం మొదటిసారి తీసుకున్న బండికి మురుగునీటి ట్యాంకు కింద బోసిగా వేలాడుతుండేది, రెండో రోజుకే గడ్డకట్టింది. అలాంటి బండి అయితే కుళాయి కింద బకెట్ పెట్టి తెరిచి ఉంచి, పొద్దున్నే ఆ బకెట్‌ను పారబోత చోటులో వంచండి.

ఏడో అడుగు: చేరాక అరగంట

నిద్రకు ముందు చేసే పనులకు మాకో వరస ఉంది. బండి ముక్కు బయటికి వెళ్ళే దారి వైపు, తలుపు గాలికి ఎదురుకాని వైపు. నేల గట్టిగా ఉండాలి. చలి బాగా ఉంటే హ్యాండ్‌బ్రేక్ బదులు గేరులో పెట్టి, చక్రాలకు దిమ్మలు అడ్డం పెడతాను, తడిసిన బ్రేకు రాత్రికి గడ్డకట్టి పట్టేస్తుంది కాబట్టి. ముందు అద్దానికి బయటినుంచి థర్మల్ పరదా. లోపలినుంచి వేసే పరదా సగమే పనిచేస్తుంది, పైగా అద్దం మీద నీళ్ళు కారతాయి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా బయల్దేరకండి. మంచు పడితే పైకప్పు మీద హీటర్ పొగగొట్టం మూసుకుపోయిందేమో చూడాలి. గాలి వచ్చే జాలీలను చలి వేస్తోందని గుడ్డలు కుక్కి మూయకూడదు. పొయ్యి వెలిగించి చలి కాచుకోవడం ఎంత చలిలోనూ వద్దు.

వంట దగ్గర ఒక మాట. కుక్కర్ మూడు విజిల్స్ వేస్తే బండిలో వాన పడుతుంది, నిజంగానే. ఆవిరి గోడలకు పట్టి పరుపు కింద తడి చేరుతుంది. పైకప్పు కిటికీ రెండు వేళ్ళంత తెరిచి వండండి. పోపు మాత్రం తలుపు తీసి పెట్టండి. పెనిస్కోలాలో ఇంగువ వాసనకు పక్క బండి డచ్ పెద్దాయన వచ్చి ఏమిటని అడిగి, మర్నాడు చారు గ్లాసులో పోయించుకుని వెళ్ళాడు.

కాగితాలు, సెలవులు

జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్న భారతీయులు మిగతా షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు తిరగవచ్చు. పాస్‌పోర్ట్, పర్మిట్ కార్డు రెండూ చేతికందేచోట ఉంచండి, సరిహద్దుల్లో ఆపి చూస్తున్నారు. ఊరినుంచి అమ్మానాన్నలు విజిట్ వీసా మీద వచ్చి ఉంటే, ఫ్రాన్స్, స్పెయిన్ మధ్య కొండల్లో ఉన్న చిన్న దేశం అండోరా జోలికి వెళ్ళకండి. డీజిల్ చవక అని చాలామంది ఆ పక్కకు తిరుగుతారు, కానీ అండోరా షెంగెన్‌లో లేదు. ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసా అయితే తిరిగి ఫ్రాన్స్‌లోకి రావడానికి చెల్లదు. ఆ దారి కూడా 2,400 మీటర్ల కనుమ మీదుగా పోతుంది.

డిసెంబరు 24 మధ్యాహ్నానికి జర్మనీలో కొట్లు మూసేస్తారు, 25, 26 రెండూ సెలవే. స్పెయిన్‌లో జనవరి 6 పండగ. ఈ రోజులు పెద్ద మజిలీలో పడేలా చూసుకోండి. ఫిబ్రవరిలో వెళ్ళేవాళ్ళు ఫ్రాన్స్ బడి సెలవుల శనివారాల్లో లియాన్ దగ్గరికి వెళ్ళకండి, స్కీయింగ్ జనంతో రోడ్లు నిండిపోతాయి.

తిరుగు ప్రయాణానికి ఇవే మజిలీలు తలకిందులుగా, ఒక తేడాతో. అలికాంతేలో నింపిన డీజిల్ వెచ్చని ఊరి డీజిల్. గట్టి చలిలో అది గడ్డకట్టి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. అందుకని ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యేలా నడిపి, అవిన్యోన్ దాటాక ఒకసారి, బోన్‌లో ఇంకోసారి అక్కడి చలికాలం డీజిల్ నింపుతాం. ఇల్లు చేరిన రాత్రి ఎంత అలసిపోయినా బాయిలర్, ట్యాంకులు ఖాళీ చేసి, కుళాయిలన్నీ తెరిచి ఉంచాకే బండి తాళం వేస్తాను.